లెటీసియా–తబాతింగా సరిహద్దు: పాస్‌పోర్టు మీద ముద్రలు ఎక్కడ, ఏ వరుసలో వేయించుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో బొగోటా నుంచి విమానంలో లెటీసియా చేరుకొని, అక్కడ నాలుగైదు రోజులు గడిపి, ఆపైన అమెజాన్ నది మీద పడవలో పెరూలోని ఇకిటోస్‌కు వెళ్లాలనుకుంటున్నాను. కొలంబియాకు దక్షిణపు కొసన ఉన్న ఆ ఊరికి దేశంలో మరే ప్రాంతం నుంచీ రోడ్డు లేదనీ, వీధి వెంట నడుస్తూ పోతే బ్రెజిల్‌లోని తబాతింగా వస్తుందనీ, నదిలోని లంకలో పెరూ పాలనలో ఉన్న సాంతా రోసా ఉందనీ చదివాను. రెండు ఊళ్ల నడుమ కంచె గాని, తనిఖీ గాని లేనప్పుడు నేను ఏ దేశంలో ఉన్నట్టు లెక్క? వీపున ఒక్క సంచితో ఒంటరిగా వెళ్తున్నాను, స్పానిష్ కూడా కొద్దిగానే వచ్చు. అక్కడ తిరిగి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మీ సందేహం సరైనదేనండి. అక్కడ చాలామంది పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. లెటీసియాలోని అవెనీదా ఇంటర్నాసియోనల్ అనే వీధే సరిహద్దు దాటగానే అవెనీదా దా అమిజాదేగా పేరు మార్చుకొని ముందుకు సాగుతుంది. స్థానికులు రోజుకు పదిసార్లు అటూ ఇటూ తిరుగుతుంటారు. జంట ఊళ్ల హద్దుల్లో తిరిగినంతసేపు మిమ్మల్నీ ఎవరూ ఆపరు. కానీ ఆ ఊళ్లు దాటి మరో దేశం లోపలికి ప్రయాణం కట్టేటప్పుడు మాత్రం, వదిలి వెళ్తున్న దేశపు నిష్క్రమణ ముద్ర, వెళ్తున్న దేశపు ప్రవేశ ముద్ర రెండూ మీ పాస్‌పోర్టు మీద ఉండి తీరాలి. ఎవరూ అడగరు కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా మీదే.

కొలంబియా నిష్క్రమణ ముద్ర లెటీసియా విమానాశ్రయంలో వేస్తారు. పెరూ ప్రవేశ ముద్ర సాంతా రోసాలోని వలస కార్యాలయంలో దొరుకుతుంది. ఒకవేళ మనసు మారి బ్రెజిల్ లోపలి నగరమైన మనౌస్ వైపు వెళ్తే, తబాతింగాలో అదే అమిజాదే వీధిలో ఉన్న ఫెడరల్ పోలీసు కార్యాలయానికి వెళ్లాలి. అయితే భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రెజిల్ వీసా ముందుగానే చేతిలో ఉండాలి.

వరుస తప్పితే ఏమవుతుందో చెబుతాను. నేను నిష్క్రమణ ముద్ర సంగతి మరిచి, సాయంత్రం చిన్న పడవలో లంకకు చేరుకున్నాను. అక్కడి అధికారి పుటలన్నీ తిప్పి చూసి, కొలంబియా ముద్ర లేనిదే ప్రవేశం ఇవ్వనని మర్యాదగానే చెప్పారు. తిరిగి నది దాటి విమానాశ్రయానికి వెళ్లి ముద్ర వేయించుకునేసరికి ఆలస్యమైపోయింది, తెల్లవారుజామున బయలుదేరే ఇకిటోస్ పడవ నాకు దక్కలేదు. అందుచేత ప్రయాణానికి ముందురోజు పగలే ఆ రెండు పనులూ వరుసగా ముగించుకోండి, ఆ రాత్రి లంకలోనే ఉండండి.

రెండో జవాబు

పైవారు చెప్పినదానికి నది సంగతి జోడిస్తాను. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ నీటిమట్టం బాగా పడిపోతుంది. 2023, 2024 కరవుల్లో ఎన్నో చోట్ల పడవల రాకపోకలే స్తంభించాయి. నీరు తగ్గినప్పుడు పడవ ఆగే చోటు మారుతుంది, బరువైన సంచితో బురద ఒడ్డు మీద నడవవలసి వస్తుంది. కాబట్టి టికెట్ కొనేటప్పుడే పడవ ఎక్కడి నుంచి బయలుదేరుతుందో అడిగి రాయించుకోండి. ఇకిటోస్‌కు వేగపు పడవలో ఎదురీత కనుక దాదాపు పగలంతా పడుతుంది. సరుకుల పడవలో అయితే ఊయల కట్టుకొని రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఇకిటోస్‌కు కూడా బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధం లేదు, అక్కడి నుంచి ముందుకు పోవడానికి మళ్లీ విమానమో పడవో చూసుకోవాలి.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకొని, ధ్రువపత్రం వెంట ఉంచుకోండి. ఆ దేశాల నుంచి భారత్‌కు తిరిగి వచ్చేటప్పుడు అది లేకపోతే విమానాశ్రయంలోనే మిమ్మల్ని విడిగా ఉంచే అవకాశం ఉంది.

మూడో జవాబు

ఏ దేశంలో ఉన్నట్టు లెక్క అని అడిగారు కదా, ఆ ప్రశ్న ఆ ఊరి చరిత్రలోనే ఉంది. 1867లో పెరూవారు నెలకొల్పిన లెటీసియా 1922 నాటి ఒప్పందంతో కొలంబియాకు దక్కింది. 1932లో పెరూ పౌరులు కొందరు దాన్ని ఆక్రమించగా రెండు దేశాల మధ్య పోరు సాగింది. 1933 నుంచి ఏడాదిపాటు నానాజాతి సమితి ఆ ఊరిని పాలించి, 1934లో కొలంబియాకు తిరిగి అప్పగించింది. నది పాయలు మారుతూనే ఉన్నందున సాంతా రోసా లంక ఎవరిదన్న వివాదం 2025లో మళ్లీ రాజుకుంది. అందుకే, బయలుదేరే వారంలో లంకలోని వలస కార్యాలయం పనివేళలను మీ బసలో కనుక్కోవడం అవసరం.

ఒక సాయంత్రం మాత్రం లెటీసియాలోని సాంతాందేర్ పార్కులో కూర్చోండి. సూర్యాస్తమయ వేళ వేలాది చిన్న చిలుకలు అక్కడి చెట్ల మీదికి చేరుకుంటాయి, వాటి అరుపుల మధ్య పక్కవారి మాట కూడా వినబడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముద్రల కోసం ఒక పగలు పూర్తిగా కేటాయించి, ఆ రాత్రి లంకలో ఉండేలా తేదీలు మార్చుకున్నాను. టీకా ఈ వారమే వేయించుకుంటాను.