ప్రేమకథ చెప్పడం ఇప్పుడు యానిమేషన్‌కే చేతనవుతోందా?

నిశాచరి (చర్చ మొదలుపెట్టినవారు)

ఈమధ్య వచ్చిన రొమాంటిక్ కామెడీలనీ, పిల్లలతో కూర్చుని చూడగలిగే యానిమేషన్ సినిమాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రేమకథలో దమ్ము ఇప్పుడు రెండో వైపే ఉందనిపిస్తోంది. ఉదాహరణకి 2023లో వచ్చిన ‘ఎలిమెంటల్’. అమ్మాయి ఎంబర్ నిప్పు, అబ్బాయి వేడ్ నీరు. ముట్టుకుంటే ఆమె ఆరిపోవచ్చు, లేదా అతను ఆవిరైపోవచ్చు, అందుకే సినిమాలో చాలాసేపు ఇద్దరూ దూరం దూరంగానే తిరుగుతారు. చివరికి ధైర్యం చేసి చేతులు దగ్గరికి తెస్తారు, ఆవిరి లేస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. అంతే సీన్. కానీ ఆ చేతులు కలిసేదాకా నాకు కలిగిన టెన్షన్ ఈమధ్య చూసిన ఏ ముద్దు సీన్లోనూ కలగలేదు.

కారణం, అక్కడ అడ్డు నిజమైనది. దానికి తోడు నాన్న కొట్టు. సొంతగడ్డ వదిలి వచ్చి, కష్టపడి ఆయన నిలబెట్టుకున్న కొట్టుని కూతురు చూసుకోవాలని ఆయన ఆశ, ఆమె మనసు మరో పని మీద. ఇప్పటి రొమాంటిక్ కామెడీల్లో అడ్డు అంటే ఏముంది, ఒక్క ఫోన్ చేసి అడిగితే తీరిపోయే అపార్థం, దాన్ని రెండు గంటలు లాగుతారు. మీరేమంటారు?

పాత ప్రింట్

అస్సలు ఒప్పుకోను. రొమాంటిక్ కామెడీకి ప్రాణం కథలో అడ్డు కాదండీ, ఇద్దరు మనుషుల ముఖాలు. యానిమేషన్‌లో ప్రతి కనురెప్పా ఎవరో ఆలోచించి కదిపింది. మనిషి ముఖం మీద నటుడు కూడా అనుకోనిది ఒకటి తొంగిచూస్తుంది, మనం డబ్బిచ్చి చూసేది దానికోసమే.

2023 డిసెంబర్లో వచ్చిన ‘ఎనీవన్ బట్ యూ’ మొదట్లో హీరోయిన్‌కి కాఫీ షాపులో బాత్రూమ్ వాడుకోవాల్సిన అవసరం పడుతుంది, అక్కడ కొంటేగానీ తాళం ఇవ్వరు, ముక్కూముఖం తెలియని హీరో తను భర్తనన్నట్టు మాట్లాడి ఆమెని గట్టెక్కిస్తాడు. లోపలికెళ్లాక జీన్స్ మీద నీళ్లు పడతాయి, ఆమె అది విప్పి చేతులారబెట్టుకునే మెషిన్ కింద పట్టుకుని నిలబడుతుంది. బయట అతను ఎదురుచూస్తున్నాడు, ఇటు బట్ట ఆరదు. ఆ అవస్థ, ఆ సిగ్గు మనిషి ముఖం మీద చూడాలి. అదే బొమ్మతో చేస్తే నవ్వొస్తుందేమో కానీ ఆ అమ్మాయి మీద ఇష్టం పుట్టదు.

నిశాచరి

ఆ సీన్ బాగుంది, కాదనను. కానీ ఆ తర్వాత జరిగేది చూడండి. పొద్దున్నే ఆమె చెప్పకుండా వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగొచ్చేసరికి అతను స్నేహితుడితో ఆమె గురించి తేలిగ్గా మాట్లాడుతుంటాడు, అది ఆమె చెవిన పడుతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ ఆస్ట్రేలియాలో వేరేవాళ్ల పెళ్లిదాకా కారాలు మిరియాలు నూరుకుంటారు, పైగా అందరి ముందూ ప్రేమజంటలా నటిస్తారు. ‘అలా ఎందుకన్నావు’ అని అడిగి ఉంటే కథే లేదు. నేను చెప్పేది ఇదే.

పాత ప్రింట్

అడగరు కాబట్టే అది కథ అయింది! ఆ సినిమాకి మూలం షేక్‌స్పియర్ నాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’. అందులోనూ ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉంటారు, చుట్టూ ఉన్నవాళ్లు కావాలని మాటలు వినబడేలా చేసి వాళ్లని కలుపుతారు. నాలుగు వందల ఏళ్లుగా జనం దాన్ని చూస్తూనే ఉన్నారు. అక్కడ అడ్డు అపార్థం కాదు, అహం. ముందు నేను తగ్గితే చులకనైపోతానేమో అనే భయం. నిప్పూ నీరూ ఎంత నిజమో అదీ అంతే నిజం, అదైతే మనందరికీ తెలిసిన భయం కూడా.

ఇంటర్వెల్

మధ్యలో డబ్బు సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే ఏ సినిమా హాల్లోకి వస్తుందో ఏది నేరుగా ఓటీటీకి పోతుందో అదే తేలుస్తోంది. ‘ఎనీవన్ బట్ యూ’ ఖర్చు దాదాపు 2.5 కోట్ల డాలర్లు. అమెరికాలో మొదటి వారాంతం 60 లక్షల డాలర్లే వచ్చాయి, పోయిందనుకున్నారు. నోటిమాట మీద నడిచి ప్రపంచం మొత్తం మీద దాదాపు 22 కోట్లు తెచ్చింది. ‘ఎలిమెంటల్’ ఖర్చు దాదాపు 20 కోట్ల డాలర్లు. అదీ చప్పగానే మొదలై మెల్లగా 49 కోట్లు దాటింది. రెండిటినీ నిలబెట్టింది చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పడమే, దానికి హాల్లో కొన్ని వారాలు ఉండనివ్వాలి. ‘సోల్’, ‘లూకా’, ‘టర్నింగ్ రెడ్’ లాంటి యానిమేషన్ సినిమాలు వరసగా ఇంటి తెరకే వచ్చేసరికి పిల్లల సినిమాకి హాలుకెళ్లే అలవాటు చాలా ఇళ్లల్లో పోయింది. రొమాంటిక్ కామెడీకీ అదే గతి పట్టింది. నాకు రెండూ కావాలి, రెండూ హాల్లోనే కావాలి.

ఇద్దరు పిల్లల అమ్మ

నిశాచరి గారూ, మీ మొదటి పోస్టులోనే నాకు పేచీ ఉంది. ‘ఎలిమెంటల్’లో అసలు ప్రేమకథ నాన్నాకూతుళ్లది. ఆయన సొంతగడ్డ వదిలి బయల్దేరేటప్పుడు తన తండ్రికి నేలకి వంగి పెద్ద దండం పెడతాడు, ఆ తండ్రి తిరిగి పెట్టడు, వీపు తిప్పుకుంటాడు. ఆ బాధ ఆయన జీవితమంతా మోస్తాడు. చివర్లో కూతురు తన దారిన వెళ్తూ ఆయనకి అదే దండం పెడుతుంది, ఆయన తిరిగి పెడతాడు. మా పిల్లలు నిప్పూ నీరూ చేతులు కలిపిన చోట నవ్వారు, ఇక్కడ మాత్రం కిక్కురుమనలేదు.

పెద్దవాళ్ల ప్రేమకథ బాగుందా లేదా అని పిల్లల సినిమాని తూచడం నాకు నచ్చదు. ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ (2024)లో రైలీకి పదమూడేళ్లు, హాకీ ఆట మధ్యలో పక్కన కూర్చోబెట్టినప్పుడు ఊపిరాడనంత కంగారు వస్తుంది. ఆ సినిమాలో మనసులోని భావాలే పాత్రలు; లోపల ఆందోళన అనే పాత్ర సుడిగాలిలా తిరుగుతూ, ఆగాలనుకున్నా ఆగలేక కన్నీళ్లతో నిలబడిపోతుంది. నాకూ ఇలాగే అవుతుంది అని మా పెద్దది ఆ రాత్రి చెప్పింది. నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పని మాట అది. లాట్వియా నుంచి వచ్చిన ‘ఫ్లో’లో అసలు మాటలే లేవు, వరదలో ఒక పిల్లి, తోడుగా కొన్ని జంతువులు, మా చిన్నవాడు నాతో సమానంగా అర్థం చేసుకున్నాడు. ఇలాంటివి చేసే సినిమాకి జంట ఉందా లేదా అన్నది ఎందుకు?

నిశాచరి

దండం గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, కానీ అది నా మాటకే బలం. వేడ్ వెంట వెళ్లడమంటే నాన్న కొట్టు వదలడం. ఆ నాన్న మీద అంత ప్రేమ ఉండబట్టే వేడ్ మీద ప్రేమకి అంత బరువొచ్చింది. పాత ప్రింట్ గారు చెప్పిన అహం నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ జంటకి అహం తగ్గితే పోయేదేముంది? ఎంబర్‌కి పోయేది ఇల్లు.

పాత ప్రింట్

పోయేది ఎక్కువైతే అది నాటకీయమైన ప్రేమకథ అవుతుంది, తేలికపాటి కామెడీ కాదు. తేలిగ్గా ఉండటం లోపం అన్నట్టు మాట్లాడుతున్నారు, అక్కడే మనిద్దరికీ పడటం లేదు. రోజంతా పనిచేసి అలిసిపోయిన ఇద్దరు మనుషులు రాత్రి తొమ్మిదింటికి పక్కపక్కన కూర్చుని, ఎవరి ప్రాణం మీదికీ రాదని తెలిసి హాయిగా నవ్వుకోవాలనుకుంటే వాళ్లకి ఏ సినిమా చూపిస్తారో చెప్పండి.