ముసురులో తెల్ల కొంగ: ఈకల వివరాలు దక్కడం లేదు

మూడు రోజులుగా ముసురు. ఉదయం 6.30 నుంచి 7.30 మధ్య చెరువులో తెల్ల కొంగలను ఫొటో తీస్తున్నాను. 400 ఎంఎం లెన్సు, ఎఫ్/5.6, షట్టరు 1/1000, ఆటో ఐఎస్‌ఓ. వెలుతురును బట్టి కెమెరాయే ఎంచుకునే ఆ సెన్సరు సున్నితత్వం 6400 దాకా ఎగబాకుతోంది. నల్లటి నీటి ముందు కొంగ సున్నపు ముద్దలా వస్తోంది. రా ఫైల్లోనూ (కెమెరా కుదించని అసలు ఫైలు) ఈకలు తిరిగి రాలేదు. ఎక్స్‌పోజరు ఒక స్టాపు (అంటే సగానికి) తగ్గిస్తే ఈకలు దక్కాయి, కానీ అదే కొంగ ఎగిరి బూడిదరంగు ఆకాశం మీదికి రాగానే మసిబొమ్మ! ఫ్రేములో ఒక చిన్న చుక్క దగ్గరి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగూ ప్రయత్నించాను. ఎగిరే పక్షి మీద ఆ చుక్క నిలిస్తే కదా. షట్టరు 1/500కి దించితే రెక్కల చివరలు చెదిరాయి.

ఇలాంటి వెలుతురులో ఐఎస్‌ఓను కూడా స్థిరంగా పెట్టి పూర్తి మాన్యువల్‌లో తీయడం మేలా, లేక ఆటో ఐఎస్‌ఓతోనే నీటికీ ఆకాశానికీ ఎక్స్‌పోజరు సవరణ మార్చుకుంటూ పోవాలా?