ఓఏఈ పాస్, బెరాలో అలలే లేవు: లోపం ఎక్కడుందో తేల్చేదెలా? (చర్చ)

శ్రవణ_గుంటూరు
నాలుగు నెలల పాప రిపోర్టులు చర్చకు పెడుతున్నాను. నెలలు నిండి పుట్టింది, కామెర్లు లేవు, ఐసీయూలో ఉంచలేదు. తల్లిదండ్రులది మేనరికం. మూడో రోజు తీసిన ఓఏఈ (చెవిలోంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వినే పరీక్ష) రెండు చెవులూ పాస్. చప్పుళ్ళకు ఉలిక్కిపడటం లేదని తర్వాత బెరా (శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనను అలలుగా గీసే పరీక్ష) తీస్తే 90 డీబీ (డెసిబెల్) దగ్గర కూడా ఐదో అల లేదు, రెండు వైపులా అంతే. ఓఏఈ మళ్ళీ తీశారు, మళ్ళీ పాసే. ఒక చోట "ఆరు నెలలు ఆగి రండి" అన్నారు, ఇంకో చోట "వెంటనే ఇంప్లాంటు వేద్దాం" అన్నారు, అంటే వినికిడి నరానికి నేరుగా విద్యుత్తు అందించే కాక్లియర్ ఇంప్లాంటు. ఈ రెండు మాటల మధ్య చేయాల్సిన పరీక్షలు ఏమిటి, ఏ వరసలో చేయాలి?

శంఖం35
ఆ రెండు మాటలూ తొందరపాటువే. ఓఏఈ ఉండి బెరా లేకపోవడం యంత్రంలో తేడా వల్లే అనుకోకూడదు. ఆడిటరీ న్యూరోపతి గుర్తే అది, అంటే చెవి శబ్దాన్ని అందుకున్నా కబురు మెదడుకి సరిగా చేరని స్థితి.

కాక్లియాలో (లోపలి చెవిలోని శంఖంలో) రెండు రకాల రోమకణాలున్నాయి. బయటి వరసల్లోవి సుమారు 12,000, లోపలి వరసలోవి సుమారు 3,500. బయటివి ధ్వనిని పెంచి ఇస్తాయి. మెదడుకి కబురు పంపేవి మాత్రం లోపలివే. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలోంచి తిరిగివచ్చే సన్నని ప్రతిధ్వనిని పట్టుకున్నాడు చూడండి, అది బయటి రోమకణాల పని. ఓఏఈ యంత్రం వినేది దాన్నే. కాబట్టి పాస్ అంటే "బయటి రోమకణాల దాకా దారి బాగుంది" అని మాత్రమే. ఆ తర్వాత లోపలి రోమకణం, అది నరాన్ని తాకే సంధి, నరం, మెదడు కాండం ఉన్నాయి. వీటిలో ఎక్కడ తెగినా బెరా గీత చదునుగానే వస్తుంది.

ఈ స్థితికి 1996లో ఆర్నాల్డ్ స్టార్ బృందం ఆడిటరీ న్యూరోపతి అని పేరు పెట్టింది. కారణాలు ఒకటి కాదని తేలాక 2008లో ఇటలీలోని కోమోలో జరిగిన సమావేశంలో 'స్పెక్ట్రమ్' అన్న మాట చేర్చారు. ఆ ఒక్క మాట చాలా ముఖ్యం. తెగింది సంధి దగ్గరయితే ఇంప్లాంటు అద్భుతంగా పనిచేస్తుంది, నరమే లేకపోతే అదే ఇంప్లాంటు దాదాపు వృథా. బెరా కాగితం మీద మాత్రం ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు బెరా ముద్రించిన కాగితం చూడండి. క్లిక్ పొలారిటీ (చప్పుడు గాలిని మొదట నొక్కుతుందా, లాగుతుందా అన్నది) ఏమని రాసి ఉంది?

శ్రవణ_గుంటూరు
ఆల్టర్నేటింగ్ అని ఉంది.

బెరా_గది
అయితే ఆ రికార్డు సగమే చెబుతోంది. ఆల్టర్నేటింగ్‌లో, అంటే రెంటినీ మార్చి మార్చి ఇస్తే, కాక్లియర్ మైక్రోఫోనిక్ (రోమకణాల నుంచి వచ్చే విద్యుత్ స్పందన) దానికదే కొట్టుకుపోతుంది. మళ్ళీ తీయించండి. తీసేవారికి ఈ వివరాలు చూపించండి:

ఇన్సర్ట్ ఫోన్లే (గొట్టంతో చెవి లోపల పెట్టేవి) వాడాలి. హెడ్‌ఫోన్ చెవి మీదే ఉంటుంది కాబట్టి దాని విద్యుత్ చప్పుడు మైక్రోఫోనిక్‌తో కలిసిపోతుంది. ఇన్సర్ట్ ఫోన్లో గొట్టం ఉండటం వల్ల శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, ఆ ఎడం రెంటినీ విడదీస్తుంది. క్లిక్ 80–90 డీబీ. రేర్‌ఫాక్షన్‌తో (లాగే క్లిక్) ఒకసారి, కండెన్సేషన్‌తో (నొక్కే క్లిక్) ఒకసారి విడివిడిగా, ఒక్కొక్కటీ 1,500–2,000 స్వీప్‌లు (క్లిక్‌లు), రెండేసి సార్లు. తర్వాత రెండు గీతల్నీ ఒకదానిపై ఒకటి పెట్టి చూడాలి. మొదట్లో వచ్చే అలలు అద్దంలోలా తలకిందులైతే అది మైక్రోఫోనిక్. తలకిందులు కాకపోతే నరం నుంచి వచ్చినవి. శబ్దం తగ్గించి చూసినా తేడా తెలుస్తుంది: నరం అలలు ఆలస్యమవుతూ పోతాయి, మైక్రోఫోనిక్ చిన్నదవుతుంది గానీ ఉన్న చోటు మారదు.

మూడో రికార్డు చాలామంది వదిలేస్తారు, అక్కడే తప్పు దొర్లుతుంది. అవే సెట్టింగులతో గొట్టాన్ని క్లిప్పుతో నొక్కిపట్టి తీయాలి. అలలు అప్పుడూ ఉంటే అవి చెవివి కావు, యంత్రానివి. ఫోను ప్లగ్గు పీకేసి తీయడం దీనికి బదులు కాదు. ప్లగ్గు పీకితే ఆ విద్యుత్ చప్పుడే ఆగిపోతుంది, ఇక దేనితో పోలుస్తారు?

ఎలక్ట్రోడు ఇంపిడెన్స్ 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలి. నాలుగు నెలల బిడ్డకి మందు లేకుండానే తీయొచ్చు: పొద్దున నిద్ర పోనివ్వకుండా తీసుకెళ్ళి, ఎలక్ట్రోడ్లు అంటించాక అక్కడే పాలు పట్టించి పడుకోబెట్టాలి.

మధ్య_చెవి
ఇంకో రెండు. టింపనోమెట్రీ (మధ్య చెవిలో నీరుందా అని చూసే పరీక్ష) 1,000 హెర్ట్జ్ ప్రోబ్‌తో చేయాలి. ఆరు నెలల్లోపు పిల్లల్లో 226 హెర్ట్జ్ ప్రోబ్ చెవిలో నీరున్నా లేనట్టు చూపిస్తుంది. స్టెపీడియల్ రిఫ్లెక్స్ (గట్టి శబ్దానికి మధ్య చెవి కండరం బిగుసుకోవడం) కూడా చూడండి, న్యూరోపతిలో సాధారణంగా రాదు.

ఈ రోజు వచ్చిన ఓఏఈ కాగితం జాగ్రత్తగా దాచండి. న్యూరోపతి పిల్లల్లో కొందరికి కాలం గడిచేకొద్దీ ఓఏఈ మాయమవుతుంది, జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరినా రాదు. అప్పుడు మొదటిసారి చూసేవారు మామూలు కాక్లియా చెవుడనుకుంటారు.

డీఈఐసీ_సేవ
పాప విషయం కాకపోయినా ఇక్కడ చెప్పాల్సిన మాట. ఐదు రోజులు దాటి ఐసీయూలో ఉన్న బిడ్డలకి ఓఏఈ ఒక్కటే చాలదు, ఆటోమేటెడ్ బెరా తప్పనిసరి. కామెర్లు ముదిరినవారు, నెలలు తక్కువ పుట్టినవారు, ఊపిరి అందక ఇబ్బందిపడినవారు న్యూరోపతికి ఎక్కువగా గురయ్యేది అక్కడే. నెలలోపు స్క్రీనింగు, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది లెక్క. మన జిల్లాల్లో చాలాచోట్ల చేతిలో ఉండేది ఓఏఈ యంత్రమే. పాస్ అయిన బిడ్డ తల్లి "పలకడం లేదండీ" అంటే ఆ మాటను కొట్టిపారేయకండి, బెరాకి పంపండి.

ఆగి చూడమన్న సలహా ఆ పిల్లలకి కొంత వర్తిస్తుంది. కామెర్ల వల్లో, నెలలు తక్కువవడం వల్లో వచ్చిన న్యూరోపతిలో కొందరికి ఏడాది, ఏడాదిన్నర లోపు బెరా తిరిగి వస్తుంది. అలాంటివారికి తొందరపడి ఇంప్లాంటు వేయరు. ఈ పాపకి ఆ రెండూ లేవు కదా.

నరాల_పటం
తర్వాతిది స్కాన్. సీటీ చాలు కదా, ఇంప్లాంటుకి ఎలాగూ తీస్తారు?

ఎమ్మారై_మధు
చాలదండీ. సీటీలో ఎముక కనిపిస్తుంది, నరం కనిపించదు. కాక్లియర్ నరం వెళ్ళే ఎముక రంధ్రం సన్నగా, ఒకటిన్నర మిల్లీమీటరు కన్నా తక్కువగా ఉంటే నరం లేదేమోనని అనుమానించొచ్చు, అంతవరకే. లోపలి కాలువ (వినికిడి, ముఖ నరాలు వెళ్ళే ఎముక దారి) మామూలు వెడల్పుతోనే ఉండి నరం లేని పిల్లలున్నారు.

కావలసింది ఎమ్మారై. టీ2లో సన్నని ముక్కలు, సిస్ లేదా ఫియెస్టా అనే సీక్వెన్స్. అందులో కాలువకి అడ్డంగా, ఏటవాలు సాజిటల్ కోతలు తీయమని రిక్వెస్టు కాగితం మీద రాయించండి. రాయకపోతే మామూలు తల స్కాన్ తీసి "నార్మల్" అని ఇచ్చేస్తారు. ఆ కోతలో నాలుగు చుక్కలు కనిపించాలి: ముందువైపు పైన ముఖ నరం, దాని కింద కాక్లియర్ నరం, వెనకవైపు బ్యాలెన్స్ నరాలు రెండు. కాక్లియర్ నరం పక్కనున్న ముఖ నరం కన్నా సన్నగా ఉంటే రిపోర్టులో ఆ మాట ఉండాలి. కుడి, ఎడమ విడివిడిగా రాయాలి.

ఈ వయసులో మత్తు ఇవ్వక తప్పకపోవచ్చు. బెరా నిద్రలో సరిగ్గా రాకపోతే ఎమ్మారై మత్తులోనే కలిపి తీసేలా రెండు విభాగాలతో ముందే మాట్లాడుకోండి, రెండోసారి మత్తు తప్పుతుంది.

నరం అసలు లేనప్పుడు మిగిలే దారి మెదడు కాండం మీద పెట్టే ఇంప్లాంటు. మొదటిది 1979లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టారు. పిల్లలకు చెన్నైలోనూ చేశారు. కాక్లియర్ ఇంప్లాంటుతో వచ్చేంత మాట స్పష్టత దానితో ఆశించకూడదు.

జన్యు_వాణి
నరం ఉందని తేలితే జన్యు పరీక్ష. మేనరికం, కామెర్లు లేవు, ఓఏఈ పాస్: ఈ మూడూ కలిస్తే మొదట చూడాల్సింది ఓటాఫ్ (OTOF) జన్యువు.

మన దేశంలో పుట్టు చెవుడుకి కారణంగా ఎక్కువగా కనిపించే జన్యువు జీజేబీ2. అందులోనూ డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు. కానీ దాన్లో సాధారణంగా ఓఏఈ కూడా పోతుంది. జీజేబీ2 ఒక్కటే చూసి నెగటివ్ అని ఇచ్చే చవక పరీక్ష ఈ పాపకి పనికిరాదు. ఓటాఫ్ ఉన్న చెవుడు ప్యానెల్ (చెవుడు జన్యువుల్ని కలిపి చూసే పరీక్ష) గానీ ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రొటీన్ తయారుచేసే భాగాలన్నీ చూసేది) గానీ అడగండి.

ఓటాఫ్ తయారుచేసే ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ లోపలి రోమకణం అడుగున ఉంటుంది. శబ్దానికి కణంలోకి కాల్షియం రాగానే రసాయన కబురు నరం మీదికి విడుదలయ్యేలా చేసేది అదే. అది లేకపోతే రోమకణం కదులుతుంది, నరం కాచుకుని ఉంటుంది, కబురు మాత్రం దాటదు. 1999లో పారిస్‌లో క్రిస్టీన్ పెటీ బృందం ఈ జన్యువును కనుక్కుంది.

రిపోర్టు వచ్చాక చూడాల్సినవి. మార్పులు రెండు ఉండాలి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మేనరికంలో తరచూ ఒకే మార్పు రెండు ప్రతులుగా వస్తుంది. వేర్వేరు మార్పులు రెండు కనిపిస్తే తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించాలి. రెండూ ఒక్కరి నుంచే వచ్చి ఉంటే నిర్ధారణ కానట్టే. "వీయూఎస్" అని ఉంటే దాని అర్థం తేలలేదని, దాన్ని పట్టుకుని నిర్ణయాలు తీసుకోకూడదు. తర్వాతి కాన్పుకి అవకాశం నాలుగింట ఒకటి, ప్రతిసారీ అంతే.

ఒకటి అడగండి: జ్వరం వచ్చినప్పుడే వినికిడి పోయి, తగ్గాక తిరిగి వస్తోందా? ఓటాఫ్‌లో కొన్ని మార్పులు వేడికి లొంగుతాయి. ఒళ్ళు వెచ్చబడితే చాలు, పిల్లలు పలకరు. ఈ పాపకి అన్నివేళలా లేదంటున్నారు కాబట్టి అది కాకపోవచ్చు, కానీ అడగటం మరవొద్దు.

శ్రవణ_గుంటూరు
ఈలోగా వినికిడి మిషన్ పెట్టాలా?

మిషన్_ఫిట్టింగ్
పెట్టి చూడాలి, కానీ బెరా అంకెను బట్టి సెట్ చేయకూడదు. న్యూరోపతిలో బెరాకీ వినికిడికీ లంకె ఉండదు. చదునైన బెరా ఉన్న బిడ్డకి నిజానికి 40 డీబీ దగ్గర వినపడుతూ ఉండొచ్చు. అలాంటి బిడ్డ చెవిలో 90 డీబీ లెక్కన గట్టి మిషన్ పెడితే మిగిలిన బయటి రోమకణాలు దెబ్బతినొచ్చు. ఆరేడు నెలలకి శబ్దం వైపు బిడ్డ తల తిప్పుతుందా అని చూసే వీఆర్ఏ పరీక్ష కుదురుతుంది, దాని అంకెల మీద ఫిట్ చేయాలి. అప్పటిదాకా పాప ఏ చప్పుడుకి ఎంత దూరంలో కదిలిందో తేదీతో రాయడమే ఆధారం. కార్టికల్ పరీక్ష (శబ్దానికి మెదడు పై పొర స్పందనను చూసేది) దొరికే చోట అదీ చేయించండి.

మూడు నుంచి ఆరు నెలలు మిషన్ వాడినా మాటకి స్పందన లేకపోతే ఇంప్లాంటు. ఓటాఫ్ అని తేలితే మాత్రం అంతకాలం మిషన్ మీద గడపాల్సిన అవసరం నాకు కనిపించదు. సంధి దాటని కబురుని గట్టిగా అరిచి దాటించలేం.

ముఖనాడి
ఇంప్లాంటు సంగతి. ఓటాఫ్ పిల్లల్లో నరం చక్కగా ఉంటుంది, విద్యుత్తు సంధిని దాటవేసి నేరుగా నరాన్ని తాకుతుంది, అందుకే ఫలితాలు బాగుంటాయి.

ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు న్యూమోకోకల్ టీకా పూర్తవాలి. ఇంప్లాంటు ఉన్న చెవి నుంచి మెనింజైటిస్ వచ్చే ముప్పు ఉంది. రెండేళ్ళు దాటాక 23 రకాల టీకా విడిగా వేయించాలి. ముఖ నరానికీ కోర్డా టింపనీకీ (దాని కొమ్మ, రుచి నరం) మధ్య సందులోంచి రౌండ్ విండో (కాక్లియాలోకి దారిచ్చే చిన్న కిటికీ) చేరతారు. నరం మానిటర్ పనిచేయాలంటే మత్తు డాక్టరు కండరాలను ఎక్కువసేపు సడలించే మందు వాడకూడదు. ఎలక్ట్రోడును నెమ్మదిగా తోయాలి. తొందరపడితే మెలిక తిరుగుతుంది, పొర చీలి పై గదిలోకి పోతుంది.

న్యూరోపతిలో నేను పట్టుబట్టేది ఒకటే: కుట్లు వేసే ముందు ఇంపిడెన్స్‌తో పాటు నరం స్పందన కూడా రికార్డు చేసి కాగితం మీద ఇవ్వాలి. రెండు మూడు చోట్ల స్పష్టంగా వస్తే నరం పలుకుతున్నట్టే. స్విచ్ ఆన్ రెండు నుంచి నాలుగు వారాలకి. ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ (2024 దాకా ఆరోగ్యశ్రీ), తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకాల్లో పిల్లల ఇంప్లాంటు ఉంది. వయసు నిబంధనలు మారుతుంటాయి, ఆ రోజున ఏవి అమల్లో ఉన్నాయో ఆసుపత్రిలోని పథకం డెస్కులో అడగండి.

నరాల_పటం
జన్యు చికిత్స కోసం ఆగితే?

జన్యు_వాణి
జన్యు చికిత్స, అంటే పాడైన ఓటాఫ్‌కి బదులు మంచి ప్రతిని చెవిలోకి పంపడం, ప్రయోగాల్లో చూపించిన ఫలితం నిజమైనదే. షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ కంటి, చెవి ఆసుపత్రి బృందం 2024 జనవరిలో ప్రచురించిన ప్రయోగంలో ఆరుగురు పిల్లలకి ఒక్కో చెవిలో ఇచ్చారు. 26 వారాలకి ఐదుగురిలో బెరా 40 నుంచి 57 డీబీ మేర మెరుగుపడింది, ఒకరిలో ఏమీ రాలేదు. చిక్కేమిటంటే జన్యువును మోసుకెళ్ళే ఏఏవీ వైరస్ మోయగలిగేది 4,700 జన్యు అక్షరాలు, ఓటోఫెర్లిన్ కోడు దాదాపు 6,000. అందుకని జన్యువును రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపి, కణంలో అతుక్కునేలా చేస్తారు. ఒకే కణంలోకి రెండూ చేరితేనే పని.

ఇది ఓటాఫ్ వారికే. ఏఏవీకి యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారిని ఆ ప్రయోగంలో తీసుకోలేదు. ప్రయోగంలో చేరే అవకాశం చేతిలో ఉండి, తేదీ కూడా ఖాయమైతే తప్ప ఆగవద్దు. ఫిలడెల్ఫియాలో 11 ఏళ్ళ బాలుడికి చేస్తే వినికిడి వచ్చింది, కానీ ఆ వయసుకి విని మాట నేర్చుకునే కాలం చాలావరకు గడిచిపోయి ఉంటుంది. ఒక చెవికి ఇంప్లాంటు వేసి, రెండో చెవిని అలాగే ఉంచడం గురించి సర్జనుతో మాట్లాడొచ్చు. రెండు చెవులా ఒకేసారి వేయడం వల్ల వచ్చే లాభాన్నీ తూకం వేసుకోవాలి. నా మొగ్గు మాత్రం ఆగకుండా ఇప్పుడే మాట నేర్చుకునేలా చేయడం వైపే.

శ్రవణ_గుంటూరు
బెరా మళ్ళీ తీశారు. రెండు చెవుల్లోనూ అలలు తలకిందులయ్యాయి, గొట్టం నొక్కితే పోయాయి. ఎమ్మారై రిక్వెస్టులో ఏటవాలు కోతలని రాయించాం, ఓటాఫ్ ఉన్న ప్యానెల్‌కి రక్తం ఇచ్చాం.

మిషన్_ఫిట్టింగ్
ఈలోగా ఇంట్లో లింగ్ శబ్దాలు మొదలుపెట్టండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. వెనక నుంచి, నోరు కనపడకుండా, మామూలు గొంతుతో. పాప మెలకువగా, పాలు తాగి ప్రశాంతంగా ఉన్న వేళ చూసి చేయండి. ఫ్యాను, టీవీ ఆపండి, గాలి తగిలినా తల తిప్పుతుంది. ఒక్కో శబ్దానికీ మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు, మధ్యలో కొన్నిసార్లు ఊరికే ఉండండి, అప్పుడూ కదిలితే అది శబ్దానికి కాదు. రాసిన కాగితం వీఆర్ఏ రోజున ఆడియాలజిస్టు చేతిలో పెట్టండి.