తుప్పు పట్టిన గొలుసు కవచం పాతదేనా?

ఒంగోలు గిత్త: ఉదయగిరి కొండ కింద ఒకాయన దగ్గర ఇనుప రింగుల చొక్కా చూశాను. 1514లో రాయలు కోట గెలిచినప్పుడు గజపతుల సైనికుడిదట. ఒళ్లంతా తుప్పే. ఇంత తుప్పు పట్టింది కొత్తది ఎట్లా అవుతుంది? పాతదేనని నా వాదన.

పెన్నా గట్టు: తుప్పును నమ్మొద్దు తమ్ముడూ. మన మైపాడు సముద్రపు గాలికి ఒక్క వానాకాలం బయట పెట్టిన సైకిల్ చైను ఏమవుతుందో నీకు తెలీదా? ఉప్పునీళ్లో యాసిడో పోస్తే రోజుల్లో వస్తుంది, నారింజ రంగులో, వేలికి పొడిలా అంటుతుంది. ఏళ్ల తరబడి పట్టింది నల్లగా గట్టిగా అతుక్కుని ఉంటుంది. అసలు రంగు పక్కన పెట్టి రింగుల లోపలి అంచు చూడు. తొడుక్కుని తిరిగిన చొక్కాలో రింగూ రింగూ రాసుకునే చోట ఇనుము అరిగి సన్నబడుతుంది. ఆ అరుగుదల దొంగగా తేవాలంటే వేల రింగులకు ఒక్కొక్కదానికీ ఆకురాయి పట్టాలి, అంత ఓపిక ఎవడికుంది?

సింగరాయకొండ: ఇంత ఎందుకన్నా, రివెట్, అదే రింగు రెండు కొసల్నీ కలిపి బిగించే చిన్న మేకు, చూస్తే సరిపోదా? కొసలు ఊరికే ఆనించి వదిలేస్తే నకిలీ, రివెట్ కొడితే అసలు.

పెన్నా గట్టు: సరిపోదు. ఇప్పుడు మన దేశంలోనే రివెట్ కొట్టిన కవచాలు చేసి విదేశాలకు పంపుతున్నారు. కొసలు ఆనించిన రింగులతో 19వ శతాబ్దంలో ఇక్కడే చేసినవీ ఉన్నాయి, అవి నిజంగా పాతవే. రివెట్ చూసే నేను ఒక వ్యాపారికి ఇరవై వేలు పోసుకున్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే తీగ అంతా ఒకే మందం, ప్రతి రివెట్ తలా అచ్చు గుద్దినట్టు ఒకేలా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత ఇనుములో చిట్టెం, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసేటప్పుడు మిగిలే మష్టు, ఉంటుంది కాబట్టి తుప్పు తిన్నచోట కట్టె నారలా చారలు తేలతాయి, నా దాంట్లో అవీ లేవు.

ఉదయగిరి ఆయన చెప్పే కథకు ఆధారం అడుగు. 1689లో ఆదోని కోట పడ్డాక బికనీరు రాజు అనూప్ సింగ్ తీసుకెళ్లిన ఆయుధాల మీద చుక్కలు పొడిచి ఆదోని పేరు రాయించారు. అలాంటి గుర్తు ఏదైనా ఉందా? వందేళ్లు దాటిందని తేలితే 1972 పురావస్తువుల చట్టం కింద అది పురావస్తువు, దేశం దాటించకూడదు. అందాకా ఆయన్ని ఇసుక కాగితం పెట్టనీయకు, రుద్దితే ఆ చారలూ అరుగుదలా రెండూ పోతాయి. భుజం దగ్గర నాలుగు రింగులు లోపలివైపు తిప్పి, ఎండలో ఫోటో తీసి ఇక్కడ పెట్టు.