మూల కూసాలు లోపలికి వాలుతున్నాయి. ఊతరాయి ఎక్కడ, ఎంత దూరంలో, ఎలా పెట్టాలి?

చీనీతోట_కళ్యాణదుర్గం:

అందరికీ నమస్కారం. 4 ఎకరాల చీనీ తోటకు జనవరిలో ముళ్ల తీగ కంచె వేశాం. పొలం 528 అడుగుల పొడవు, 330 అడుగుల వెడల్పు. గేటు పొట్టి వైపు ఉంది. వివరాలు ఇవీ:

కూసాలన్నీ రాతివే. 4×6 అంగుళాల మందం, 7 అడుగుల పొడవు. 2 అడుగుల గుంత తీసి మట్టి, రాళ్ళు వేసి దిమ్మిసతో కొట్టారు. కూసానికీ కూసానికీ 10 అడుగులు. తీగ 12×14 గేజి (తీగ 12, ముళ్లు 14 గేజి), 5 వరసలు. నేల నుంచి 6, 14, 24, 38, 54 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. మూలల్లోనూ అవే కూసాలు. మూలకు ఒక్క ఊతరాయి, లోపలి వైపు, రెండు కంచెలకూ మధ్యగా పెట్టారు. అది కూసానికి 4 అడుగుల ఎత్తులో ఆనుతుంది. దాని కాలు కూసం మొదలుకు 2 అడుగుల దూరంలో మట్టిలో ఉంది.

ఇప్పుడు తీగలన్నీ వదులైపోయాయి. రెండు మూలల్లో కూసం 5 అంగుళాలు లోపలికి వాలింది, గుంతలోంచి 2 అంగుళాలు పైకి కూడా లేచింది. మూడో మూలలో ఊతరాయి కాలు మట్టిలోకి దిగిపోయి కూసం నేలమట్టానికి విరిగింది. నాలుగో మూల రేగడి నేల, అక్కడ కూసం కదులుతోంది. పని చేసినవాళ్ళు గడ్డపారతో తీగ మెలేసి మళ్ళీ బిగిస్తామంటున్నారు. అది సరిపోతుందా? లేక మూలలు మళ్ళీ కట్టుకోవాలా?

తాడిపత్రి_కంచెపని:

తీగ బిగించొద్దన్నా, ముందు మూలలు చూసుకోండి. ఇప్పుడు బిగిస్తే మిగిలిన మూలలు కూడా విరుగుతాయి.

కంచె బలం నడిమి కూసాల్లో ఉండదు. అవి తీగను ఎత్తులో నిలబెట్టడానికే. లాగుడంతా మోసేది మూలలు, గేటు పక్క కూసాలు, పొడవు వైపు మధ్యలో వేసే టెన్షన్ కూసం. ఈ 8 చోట్ల మామూలు కూసం పనికిరాదు.

మీ మూలలో ఏం జరిగిందో లెక్క చూడండి. ఒక్కో తీగ 100 కిలోలతో బిగిస్తే 5 తీగలు కలిసి ఒక వైపు 500 కిలోలు లాగుతాయి. రెండు వైపులా కలిపితే మూల నుంచి తోట నడిమికి 700 కిలోల లాగుడు పడుతుంది. తీగల సగటు ఎత్తు రెండుంపావు అడుగులు. ఊతరాయి 4 అడుగుల దగ్గర ఆనుతోంది కాబట్టి దానిమీద అడ్డంగా పడేది 400 కిలోలు. ఊతరాయి కాలు 2 అడుగుల దూరంలోనే ఉంది, అంటే నిచ్చెన గోడకు మరీ దగ్గరగా వేసినట్టు. ఆ వాలుకు 400 కిలోల తోపు కూసాన్ని 800 కిలోలతో పైకి లేపుతుంది. మీ కూసం బరువు 90 కిలోలు కూడా ఉండదు. 2 అంగుళాలు లేచిందంటే వింతేం లేదు. బిగించేకొద్దీ ఊతరాయే కూసాన్ని పెకలిస్తుంది.

అదే ఊతరాయి కాలు 6 అడుగుల దూరంలో ఉంటే పైకి లేపే బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే ఊతరాయి పొడుగ్గా, పడుకున్నట్టు ఉండాలి. 4 అడుగుల ఎత్తు, 6 అడుగుల దూరం అంటే వాలు పొడవు ఏడుంపావు అడుగులు. 8 అడుగుల రాయి తీసుకుంటే సరిపోతుంది.

మూలకు ఊతరాళ్ళు రెండు ఉండాలి, ఒక్కో కంచె వెంబడి ఒకటి. తీగ ఎటు లాగుతుందో అటు వైపే, తీగల కిందుగా, అదే వరసలో. మధ్యగా పెట్టిన ఒక్క రాయి రెండు వైపులా సమానంగా లాగినంతసేపే నిలుస్తుంది. ఒక వైపు ముందు బిగించగానే కూసం పక్కకు తిరుగుతుంది. కొందరు బయట, రోడ్డు వైపు ఊతరాయి పెడతారు, అది దండగ. రాయి తోయగలదు గానీ లాగి పట్టుకోలేదు.

మూల కూసం 6×6 అంగుళాలు, 8 అడుగులు తెప్పించండి. 4×6 రాయికి ఒక వైపు బలం ఎక్కువ, ఒక వైపు తక్కువ. 6 అంగుళాల మందం లాగుడు దిక్కుకు ఉంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది. మూలలో రెండు దిక్కులా లాగుడే కాబట్టి ఏ వైపు తిప్పినా ఒక కంచెకు బలహీనమైన వైపే దొరుకుతుంది. రాయి ఎంత బరువైనా మోస్తుంది, వంపు మాత్రం తట్టుకోదు. మీది నేలమట్టానికి విరగడానికి కారణం అదే. ఊత దిగిపోగానే వంపంతా అక్కడ పడింది.

గుంత ఒకటిన్నర అడుగు పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 3 అడుగుల లోతు. అడుగున అరచేయంత మందం కంకర, దానిమీద కూసం, చుట్టూ 1:2:4 కాంక్రీటు. గుంతకు ఒక బస్తా సిమెంటు, రెండున్నర ఘనపుటడుగుల ఇసుక, ఐదు ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర పడతాయి. కూసం 150 కిలోలు, కాంక్రీటు 400 కిలోలు, మొత్తం 550. రెండు ఊతరాళ్ళూ కలిసి పైకి లేపేది 380 దాకా. ఇంక కూసం కదలదు.

ఊతరాయి కాలు మట్టిలో పాతొద్దు. అడుగు లోతు, ఒకటిన్నర అడుగు చదరం గుంతలో అరబస్తా సిమెంటుతో దిమ్మె పోసి, రాయి కాలు అందులో కూర్చోబెట్టండి. కూసానికి అవతలి వైపు గుంత గోడ చెక్కుచెదరకుండా నిట్టనిలువుగా తీయాలి, వదులు మట్టి ఉండకూడదు. పైన ఆనే చోట కూసానికి పావు అంగుళం గాడి చాలు. లోతుగా కొడితే అక్కడే చీలుతుంది. గాడిలో సిమెంటు ముద్ద పెట్టి, 8 గేజి జీఐ (జింకు పూత ఇనుము) తీగతో రెండు రాళ్ళనూ మూడు చుట్లు కట్టేయండి.

మొత్తం లెక్క: 8 కూసాలు, 14 ఊతరాళ్ళు (మూలలకు 8, మధ్య టెన్షన్ కూసాలు రెంటికి 4, గేటుకు 2), 15 బస్తాల సిమెంటు.

కాంక్రీటు పోశాక 7 రోజులు గోనెసంచులు కప్పి నీళ్ళు కొట్టండి. 10 రోజుల లోపు తీగ తగిలించొద్దు. పని ముగించాలనే తొందరలో మూడో రోజే లాగేస్తారు, ఎక్కువ మూలలు పాడయ్యేది అక్కడే.

ఆదోని_రేగడి:

పైన చెప్పింది ఎర్రనేలకు, గరుసు నేలకు సరిగ్గా సరిపోతుంది. మీ నాలుగో మూల రేగడి అన్నారు కాబట్టి అక్కడ వేరేగా చేయాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఊతరాయి కింద దిమ్మె కూడా ఏటా పైకీ కిందికీ కదులుతుంది, దాంతో ఊత వదులవుతుంది.

అక్కడ జంట కూసాల చట్రం వేయండి. మూల కూసం నుంచి కంచె వెంబడి 10 అడుగుల దూరంలో రెండో గట్టి కూసం. రెంటి మధ్య 4 అడుగుల ఎత్తులో 2 అంగుళాల జీఐ పైపు అడ్డంగా. పైపు రెండు చివర్లకూ 4 అంగుళాల చదరం, 6 ఎంఎం మందం ప్లేటు వెల్డింగు చేయించండి. లేకపోతే పైపు అంచు రాతిని కొరికి పగలగొడుతుంది. ప్లేటుకూ రాయికీ మధ్య సిమెంటు ముద్ద పెట్టి, రాయి చుట్టూ పట్టీ క్లాంపు వేసి బోల్టు బిగించాలి.

తర్వాత ఏటవాలు తీగ. 8 గేజి జీఐ తీగ రెండు చుట్లు తిప్పితే నాలుగు పోగులవుతాయి. సుమారు 14 మీటర్లు, కిలోన్నర బరువు. మధ్యలో అడుగు పొడవు ఇనుప కడ్డీ దూర్చి మెలితిప్పి, గట్టిపడ్డాక కడ్డీ వెనక్కి తిరగకుండా తీగతో పైపుకు కట్టేయాలి. తర్వాత ఎప్పుడు వదులైనా అదే కడ్డీని ఇంకో రెండు చుట్లు తిప్పితే చాలు.

ఈ తీగ దిక్కు చాలామంది తప్పు వేస్తారు, అందుకే విడిగా చెబుతున్నా. మూల కూసం అడుగు నుంచి రెండో కూసం తలకు పోవాలి. కంచె తీగలు మూల కూసాన్ని లాగితే అది పైపును తోస్తుంది, పైపు రెండో కూసం తలను తోస్తుంది, ఆ తలను వెనక్కి పట్టుకునేది ఈ ఏటవాలు తీగే. తిరగేసి మూల కూసం తల నుంచి రెండో కూసం అడుగుకు కడితే తీగ బిగించేకొద్దీ మూల కూసం ఇంకా లోపలికే వస్తుంది. మూల కాబట్టి రెండు కంచెల వైపూ ఒక్కో చట్రం కావాలి.

రేగడిలో గుంత 4 అడుగులు తీయండి, అంటే అక్కడికి 9 అడుగుల కూసాలు. గుంత అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. పైన వెడల్పుగా పుట్టగొడుగులా కాంక్రీటు పోస్తే, మట్టి ఉబ్బినప్పుడు ఆ గొడుగును పట్టుకుని మొత్తం పైకి లేపుతుంది. కాంక్రీటు నేలమట్టానికి అడుగు కిందే ఆపి, పైన గరుసు నింపి కొట్టండి.

పులివెందుల_జాలీ:

మధ్య టెన్షన్ కూసం గురించి ఒక మాట. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) ముళ్ల కంచె స్పెసిఫికేషన్‌లో స్తంభాలు 3 మీటర్ల ఎడం. ప్రతి 15వ స్తంభానికి, మూల స్తంభానికి, చివరిదానికి ముందున్న స్తంభానికి రెండు వైపులా ఊతలు, చివరి స్తంభానికి ఒక వైపు ఊత. అంటే దాదాపు 45 మీటర్లకు ఒక ఊత స్తంభం. మీ పొడవు వైపు 161 మీటర్లు. అయినా నేల చదునుగా, గీత గీసినట్టు తిన్నగా ఉంటే మధ్యలో ఒకటి చాలు. ఎగుడుదిగుడు ఉంటే రెండు వేసుకోండి, ఒక్కోదానికీ రెండు ఊతలు.

వంక గానీ పల్లం గానీ దాటే చోట ఇంకో సమస్య ఉంది. బిగించిన తీగ తిన్నగా ఉండాలని చూస్తుంది కాబట్టి పల్లంలో ఉన్న కూసాన్ని పైకి లాగేస్తుంది. అక్కడ కూసం పక్కనే 2 అడుగుల లోతులో పెద్ద రాయి పాతి, దానికి కట్టిన తీగతో కంచెను కిందికి పట్టాలి.

నడిమి కూసాలకు తీగను గట్టిగా నొక్కి కట్టకండి. కట్టుతీగ లోపల ముళ్ల తీగ జారేలా ఉండాలి. నడిమి కూసం దగ్గర తీగ ఇరుక్కుంటే మీరు లాగింది అక్కడే ఆగిపోతుంది, అవతలి సగం వదులుగానే ఉంటుంది. అవతలి మూలకు లాగుడు అందలేదని ఇంకా లాగుతారు, ఇవతలి మూల విరుగుతుంది.

గేటును టెన్షన్ కూసానికి తగిలించొద్దు. దానికి వేరే స్తంభం అడుగు దూరంలో వేయండి. కంచె లాగుడుకు కూసం అర అంగుళం వాలినా గేటు గొళ్ళెం పడదు.

చీనీతోట_కళ్యాణదుర్గం:

అన్నలకు ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. పాత తీగ మొత్తం విప్పకుండా మూలలు మార్చొచ్చా? ఎంత బిగించాలో కొలవడం ఎలా? ట్రాక్టరుతో లాగితే తొందరగా అవుతుందంటున్నారు.

తాడిపత్రి_కంచెపని:

మొత్తం విప్పనక్కర్లేదు. మూల నుంచి మూడో కూసం దగ్గర, 8 గేజి తీగతో 5 వరసలనూ తాత్కాలికంగా ఆ కూసానికి కట్టేయండి. ఆ కూసానికి మూల వైపు నుంచి తాడుతో లాగి, నేలలో దిగేసిన గడ్డపారకు పట్టు ఇవ్వండి. అప్పుడు మూల దగ్గర తీగ విప్పుకోవచ్చు. విప్పేటప్పుడు పై వరస నుంచి కిందికి రండి, తోలు గ్లవుజులు వేసుకోండి, తీగ ఎదురుగా మొహం పెట్టొద్దు. మెలికలు పడి నలిగిన చివర రెండు అడుగులు కోసేసి కొత్త ముక్క అతకండి.

ట్రాక్టరు మాత్రం వద్దు. ఎంత బలం పడుతోందో డ్రైవరుకు తెలియదు. తీగ తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. చేత్తో తిప్పే రాట్చెట్ పుల్లర్ చాలు. గడ్డపారతో మెలేస్తే తీగ ఆ ఒక్క చోట నలిగి, పై జింకు పూత ఊడి అక్కడే తుప్పు పడుతుంది.

మూలకు చుట్టేముందు రాయి అంచులు ఆకురాయితో గుండ్రంగా రుద్దండి, లేదా పాత టైరు ముక్క పెట్టండి. కూసం చుట్టూ రెండు చుట్లు తిప్పి, తీగ మీదే 6 నుంచి 8 మెలికలు వేయండి. లాగే వరస: ముందు పై తీగ, తర్వాత అడుగు తీగ, తర్వాత మధ్యవి. ఒక కంచె మొత్తం బిగించి రెండోదానికి పోవద్దు. మూలకు అటొకటి, ఇటొకటి మార్చిమార్చి లాగండి.

కొలత ఇలా. రెండు కూసాల నడిమధ్య తీగకు 5 కిలోల బరువు వేలాడదీయండి. 10 అడుగుల ఎడంలో తీగ ఒకటిన్నర అంగుళం దిగితే 100 కిలోల దగ్గర ఉన్నట్టు. 3 అంగుళాలు దిగితే సగమే బిగిసింది. అంగుళం లోపే దిగితే ఎక్కువైంది, పుల్లర్‌లో ఒక పన్ను వదలండి.

లాగే వేళ కూడా చూసుకోవాలి. 100 మీటర్ల తీగ 30 డిగ్రీల తేడాకు మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం వేడెక్కిన తీగను 100 కిలోలకు బిగిస్తే, డిసెంబరు తెల్లవారుజామున అది ముడుచుకుని ఒక్కో తీగ మీద ఇంకో 70, 80 కిలోల దాకా పడొచ్చు. అది మొత్తం మూల మీదే పడుతుంది. ఉదయం 7 నుంచి 9 లోపు లాగండి.

ఆదోని_రేగడి:

ఒకటి మరిచాం. పొలం అంచున కరెంటు స్తంభం గానీ దాని స్టే వైరు గానీ ఉంటే, అది గట్టిగా ఉంది కదా అని కంచె తీగ దానికి కట్టొద్దు. ఇన్సులేటరు పగిలిన రోజు చుట్టూ ఉన్న కంచె మొత్తానికి కరెంటు వస్తుంది. స్టే వైరుకు రెండు అడుగుల ఎడం ఉంచి, అక్కడ మీ సొంత కూసం వేసుకోండి.