మడపోలం: పొలమా, పాలెమా?

రేవు: రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం డీ హావిలాండ్ మస్కిటోకి, చెక్క ఒంటి మీద ‘మడపోలం’ అనే నూలుగుడ్డ అంటించి డోపు అనే పూత పూసేవారట. మాట వింటే మనదిలాగే ఉంది. మడి, పొలం అని విడదీయొచ్చా?

పడుగు: కుదరదండీ. అది ఊరి పేరు. నరసాపురం పక్కన వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీకి అక్కడ ‘ఫ్యాక్టరీ’ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిల్లు అనుకునేరు, నేతగాళ్ల దగ్గర గుడ్డ కొని ఓడలకెక్కించే వర్తకపు కోఠీ. దొరల రాతలో మాధవయ్య పాలెం కాస్తా మాడపొల్లం అయింది. పాలెంలోని ‘పా’ ‘పొ’ అయిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. నిజాంపట్నం పాత పేరు పెద్దపల్లిని పెటపోలి అని రాసింది కూడా వాళ్లే. మడికీ పొలానికీ ఇక్కడ పనిలేదు.

రేవు: అయితే విమానం గుడ్డ నరసాపురం నుంచి వెళ్లిందంటారా?

పడుగు: లేదు. 19వ శతాబ్దం నాటికే మడపోలం ఒక రకం బట్టకి వర్తకపు పేరు. లాంకషైర్ మిల్లుల్లో నేసి మళ్లీ మన దేశానికే అమ్మారు. సన్న నూలు, ఒత్తు నేత, సాదా అల్లిక, పడుగూ పేకా సమానం. ఆ చివరి గుణమే విమానానికి పనికొచ్చింది. నిలువునా అడ్డానా ఒకేలా ముడుచుకుంటుంది, పూతని ఒకేలా పీలుస్తుంది.

ఉలి: గుడ్డ ఎందుకో తెలియాలంటే కింద ఏముందో చూడాలి. మస్కిటో ఒంటిని కుడి, ఎడమ రెండు డొప్పలుగా చేసేవారు. మహాగని లేదా కాంక్రీటు అచ్చు మీద పలచని బర్చ్ ప్లైవుడ్, దాని మీద బాల్సా అనే తేలిక కొయ్య, పైన మళ్లీ బర్చ్ ప్లై. జిగురు పెట్టి పట్టీలతో బిగించి ఆరనిచ్చేవారు. కన్నాలు, బిగింపులు వచ్చే చోట బాల్సా తీసేసి గట్టి స్ప్రూస్ కొయ్య పెట్టేవారు. డొప్పలు విడిగా ఉండగానే లోపలి వైర్లు, గొట్టాలు చాలావరకు అమర్చి, ఆ తర్వాతే రెండూ కలిపేవారు. మూసిన గొట్టంలో దూరి పని చేయడం కంటే ఇది ఎంతో సుళువు. రెక్క మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ముక్క.

మొదట్లో జిగురు పాల నుంచి తీసే కేసీన్‌ది. తేమ తగిలితే అది మెత్తబడుతుంది, బూజు పడుతుంది. అందుకే తర్వాత యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురుకి మారారు. అతుకుల్లోకి నీరు దిగకుండా పైన మడపోలం పరిచి, ఎర్ర డోపు, దానిపై వెండి డోపు, ఆఖరున రంగు. డోపు ఆరుతూ గుడ్డని గంజి పెట్టిన పంచెలా బిర్రబిగిస్తుంది. గుడ్డ ఎక్కడ లేచినా కింద ప్లై అంచు తేమ తాగుతుంది.

రేవు: అయితే ‘గుడ్డ తొడిగిన విమానం’ అని రాయొచ్చా?

ఉలి: వద్దండీ. ఆ మాట అదే కాలపు జంట ఇంజన్ల బాంబర్ వెల్లింగ్టన్‌కి సరిపోతుంది. దానికి లోహపు అల్లిక మీద గుడ్డే పైచర్మం. మస్కిటోలో బరువు మోసేది ప్లైవుడ్, గుడ్డ కాపు మాత్రమే. ‘గుడ్డ అంటించిన చెక్క విమానం’ అంటే చాలు. తుపాకులు లేకుండా వేగాన్నే నమ్ముకున్న బాంబర్‌గా దీన్ని తలపెట్టారు. 1940 మార్చి 1న 50 విమానాలకి ఒప్పందం కుదిరింది, నవంబర్ 25న తొలి నమూనా ఎగిరింది. కానీ మొదట యుద్ధంలోకి దిగింది 1941 సెప్టెంబర్ 17న, ఫొటోలు తీయడానికి. బాంబులతో వెళ్లింది 1942 మే నెలాఖరున, కొలోన్ మీదికి.

పడుగు: మన వానల సంగతి కూడా చెప్పండి ఉలి గారూ.

ఉలి: 1944లో భారతదేశంలో కొన్ని మస్కిటోల రెక్కలు గాలిలోనే విరిగాయి. రెక్క పైనున్న ప్లైవుడ్, లోపలి దూలం కలిసే చోట అతుకు విడిపోయింది. విమానాలని నేల మీద నిలిపేశారు. తడికీ ఆరుదలకీ కొయ్య ముడుచుకుపోవడం కారణమని డీ హావిలాండ్ కంపెనీ బృందం తేల్చింది. తర్వాతి ప్రభుత్వ విచారణ మాత్రం తయారీలోనే అతుకులు సరిగ్గా కుదరలేదంది. నాకు ఈ రెండోదే సబబనిపిస్తుంది, సరిగ్గా కూర్చున్న అతుకుని ఎండావానా అంత తేలిగ్గా విడదీయలేవు. దిద్దుబాటు 638 అని, రెక్క పొడవునా ఆ అతుకు మీద ప్లైవుడ్ పట్టీ అంటించారు. మడపోలం కాపు ఎంత బాగున్నా కింది జిగురు తప్పుని కాయలేదు.