కారు జంప్ స్టార్ట్ చేస్తే (వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే) నడుస్తోంది, ఆపితే మళ్లీ స్టార్ట్ కావట్లేదు. బ్యాటరీ పోయినట్టేనా?

కీ తిప్పితే టకటకమని చప్పుడే తప్ప ఇంజిన్ తిరగడం లేదు. డాష్‌బోర్డు లైట్లు కూడా అప్పుడే మసకబారుతున్నాయి. పక్కింటివాళ్ల కారు నుంచి కేబుళ్లు వేశాం. ఎర్రది ప్లస్ నుంచి ప్లస్‌కి, నల్లది వాళ్ల మైనస్ నుంచి మా ఇంజిన్ మీద రంగు లేని బోల్టుకి. వెంటనే స్టార్టయింది. కాసేపు తిప్పి ఆపితే మళ్లీ అదే కథ.

మల్టీమీటర్ పెడితే ఇంజిన్ ఆపినప్పుడు 11.9 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.9 చూపిస్తోంది. అంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) బాగానే ఉన్నట్టా? ప్లస్ టెర్మినల్ మీద పచ్చటి పొడి పేరుకుంది, అది గోకి శుభ్రం చేస్తే సరిపోతుందా? మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ మార్చేయమంటున్నాడు, అదే టెన్షన్. కారు ఆపి ఉన్నప్పుడు ఏదైనా కరెంటు లాగేస్తోందేమో ఇంట్లోనే ఎలా కనిపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.